నాలుగేళ్ళు జేబులో బ్యాటరీలైటు: వాడి పారేసే సెల్లా, చార్జింగ్ సెల్లా

మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం, సముద్రం పక్క. రెండు రొయ్యల గుంటలు లీజుకి తీసుకుని చేస్తుండా. పంట ఉన్నన్నాళ్ళు రాత్రి పదింటికి ఒక తూరి, ఒంటిగంటకి ఒక తూరి, తెల్లారుజామున నాలుగింటికి ఒక తూరి కట్ట మీద తిరగాల్సిందే, కాబట్టి బండి తాళం మర్చిపోతానేమో గానీ బ్యాటరీలైటు మాత్రం మర్చిపోను. ఫోన్ లైటు ఉంది గదా అంటారు కొందరు, తడి చేత్తో చెక్ ట్రే (రొయ్య మేత తిన్నదా లేదా చూసే పళ్ళెం) లాగేటప్పుడు ఒక ఫోను గుంటలో వేసుకున్నాక ఆ మాట నా దగ్గర అనొద్దు.

నాలుగింటి తిరుగుడే అసలుది. పగలు నీళ్ళలో నాచు ఆక్సిజన్ ఇస్తాది, రాత్రయితే అదే నాచు రొయ్యతో పోటీపడి ఆక్సిజన్ తాగుతాది, తెల్లారేముందుకి డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతాది. నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ అన్ని చక్రాలూ తిరుగుతున్నాయా, రొయ్య అంచుకి వచ్చి తేలుతోందా, ట్రేలో మేత ఎంత మిగిలింది, కాళ్ళ కింద కట్లపాము ఏమన్నా ఉందా, ఇవన్నీ చూడాలంటే లైటు సుమారుగా వెలిగితే సరిపోదు. మామూలుగా బాగున్న రొయ్య కళ్ళు లైటు పడితే నీళ్ళలో అక్కడక్కడా ఎర్రగా మెరుస్తాయి, అవే ఒక మూల గుంపుగా కనపడినాయంటే మాత్రం గుండె జారిపోతాది.

మా నాయన వాడింది మూడు పెద్ద సెల్ల స్టీలు లైటు. వెలుగు తగ్గితే సెల్లు బయటికి తీసి మధ్యాహ్నం దాకా ఎండలో పెట్టేవాడు, ఇంకో రెండు రాత్రులు వచ్చేది, అది అయిపోయాక ఇంట్లో రేడియోకి వేసేవాడు. అదే బుద్ధి నాకూ వచ్చింది. 2021 దాకా నేనూ రెండు పెన్సిల్ సెల్ల ఎల్ఈడీ లైటులో ఆల్కలైన్ సెల్లే, అంటే వాడి పారేసేవే, వాడా, జత నాకు అప్పట్లో 60 రూపాయలు పడేది. కొత్త జత వేసిన మొదటి రాత్రి పట్టపగల్లా ఉంటాది, రెండో రాత్రి పర్లేదు, మూడో రాత్రికి వెలుగు మసకబడతాది, కానీ ఇంకా వెలుగుతోంది గదా, 60 రూపాయల సెల్లు ఎట్టా పారేసేది? అట్టా లాగి లాగి నాలుగో రాత్రి కూడా దాంతోనే తిరిగేవాణ్ణి. కాపలా కుర్రోడు కూడా అంతే, "అన్నా, ఇంకా ఉండాదిలే సెల్లు, రేపు మారుద్దాం" అనేవాడు.

ఆ రేపు మారుద్దాంలోనే దెబ్బ తిన్నా. రెండో గుంటలో అవతల మూల ఏరియేటర్‌కి ఒక పక్క చక్రాలు ఊడి ఆగిపోయినాయి, మోటారు మాత్రం తిరుగుతానే ఉండాది, చప్పుడు చప్పుడే. నా చేతిలో ఉన్న లైటు ఆ మూల దాకా పడలా. చప్పుడు విని తిరుగుతోందిలే అనుకుని షెడ్డుకి పోయి పడుకున్నా, ఆరింటికి చూస్తే ఆ మూల రొయ్య తేలి ఉండాది. గుంట మొత్తం పోలేదు గానీ పోయింది తక్కువేం కాదు. తర్వాత కూర్చుని లెక్కేసుకుంటే నేను మిగిల్చింది 60 రూపాయల సెల్లు.

అందుకే చార్జింగ్ సెల్లకి మారా. డబ్బులు ఆదా అయితాయని అందరూ చెప్తారు, అదీ నిజమే, దాని లెక్క కింద చెప్తా. కానీ నాలుగేళ్ళు వాడాక నాకు అర్థమయింది వేరే. వాడి పారేసే సెల్లు వాడేవాడి లైటులో ఎప్పుడు చూసినా సగం చచ్చిన సెల్లే ఉంటాది, ఎందుకంటే పూర్తిగా చచ్చిందాకా మార్చబుద్ధి కాదు. చార్జింగ్ సెల్లు అయితే ఆ లోభం ఉండదు, సగం అయినా సరే తీసి చార్జింగ్‌లో పెట్టి నిండుగా ఉన్న జత వేసుకుంటా, పోయేదేం లేదు. లైటు ఆర్పకుండా అట్టానే వెలిగించి పెట్టి ఏరియేటర్ బోల్టు బిగించుకుంటా. వెనకటికి అట్టా వెలిగించాలంటే ప్రాణం ఉసూరుమనేది.

నేను కొన్నది ప్యానాసోనిక్ ఎనెలూప్, తెల్లవి, 2000 ఎంఏహెచ్ (సెల్లులో ఎంత చార్జి పడతాదో చెప్పే లెక్క) రకం నాలుగు, ఒక స్మార్ట్ చార్జరు, మొత్తం కలిపి 2400 అయింది. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపులో అడిగితే ఆయన, "ఆ చార్జింగ్ సెల్లు 1.2 వోల్టులేనయ్యా, మామూలు సెల్లు 1.5, వెలుగు రాదు" అన్నాడు. ఈ మాట ఇప్పటికీ చాలామంది అంటుంటారు, వినడానికి నిజంలాగే ఉంటాది. జరిగేది ఏందంటే, ఆల్కలైన్ సెల్లు 1.5 దగ్గర మొదలై లోడు పడేకొద్దీ దిగుతానే ఉంటాది, ఎల్ఈడీ లైటు గట్టిగా కరెంటు లాగితే సగం కాకముందే 1.2కి వచ్చేస్తాది, అక్కడి నుంచి ఇంకా కిందికి. ఎనెలూప్ లాంటి నికెల్ చార్జింగ్ సెల్లు 1.2 దగ్గర పట్టుకుని చివరిదాకా దాదాపు అక్కడే నిలబడతాది. దాని లోపలి రెసిస్టెన్స్ తక్కువ, ఎక్కువ కరెంటు అడిగినా ఇస్తాది. ఆల్కలైన్ చిన్న కరెంటు మీద 2500 ఎంఏహెచ్ దాకా ఇస్తాది, అదే ఒక ఆంపియర్ లాగితే అందులో సగం కూడా రాదు. గోడ గడియారానికి ఆల్కలైనే మేలు, గట్టిగా వెలిగే లైటుకి కాదు.

చార్జింగ్ సెల్లుకీ ఒక గుణం ఉంది, అది మాత్రం నాకు నచ్చలా. చివరిదాకా ఒకేలా వెలిగి, అయిపోయేటప్పుడు ఒక్కసారిగా పోతాది. మామూలు సెల్లు మసకబడి ముందే చెప్తాది, ఇది చెప్పదు. మొదటి నెలలో రెండు తూర్లు కట్ట మీద చీకట్లో నిలబడ్డా. అప్పట్నుంచి రెండో జత చొక్కా జేబులో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుంటా, డబ్బా ఎందుకంటే జేబులో చిల్లరతో తగిలితే షార్టయి కాల్తాది.

పాత తరం చార్జింగ్ సెల్లు వాడి విసిగిపోయినోళ్ళు ఉంటారు, చార్జి చేసి మూల పెడితే నెలకే చల్లగా దిగిపోయేవి. 2005లో సాన్యో వాళ్ళు ఎనెలూప్ తెచ్చినప్పటి నుంచి ఆ రోగం చాలావరకు పోయింది, ఇప్పుడు ఏడాది పక్కన పెట్టినా చార్జి బాగానే మిగులుతాది. ఎనెలూప్‌లోనే నల్లది, 2500 ఎంఏహెచ్, ఇంకా పెద్దది గదా అని దాన్ని కొనేరు, దానికి చార్జింగ్ సార్లు బాగా తక్కువ, కంపెనీ లెక్కే 500. తెల్లదానికి 2100 అంటారు. అన్ని సార్లు నేనెట్టాగూ బతికించలేను గానీ నా జతలు ఒక్కోటి 200 సార్లు దాటినాయి.

లెక్క చూద్దాం. వెనామీ రకం రొయ్య పంట ఒకటి నాలుగు నెలలు, ఏడాదికి రెండు అనుకుంటే 240 రాత్రులు. నాలుగు రాత్రులకి ఒక జత ఆల్కలైన్ చొప్పున 60 జతలు, 3600 రూపాయలు, అదీ చివరి రెండు రాత్రులు గుడ్డి వెలుగుతో కలిపి. నేను పెట్టిన 2400 మొదటి ఏడు పూర్తవకముందే తిరిగొచ్చేసింది. కరెంటు ఖర్చు అడగొద్దు, ఒక్క యూనిట్‌తో జతని వంద సార్ల పైనే నింపొచ్చు.

చార్జరు దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. సెల్లతో పాటు ఊరికే వచ్చే చార్జర్లు కొన్ని టైము మీద నడుస్తాయి, సెల్లు నిండినా నిండకపోయినా ఇన్ని గంటలు అని తోస్తానే ఉంటాయి, అట్టా కాల్చి కాల్చి సెల్లు చంపేస్తాయి. ఒక్కో సెల్లు విడిగా చూసి నిండగానే ఆపేది తీసుకోండి. యూఎస్‌బీతో నడిచేదయితే ఇంకా మంచిది, పవర్ బ్యాంకు మీద కూడా పెట్టొచ్చు. రేకుల షెడ్డులో ఎండాకాలం మధ్యాహ్నం చార్జి పెట్టొద్దు, రోహిణి కార్తెలో ఆ షెడ్డులో మనిషే ఉండలేడు. నేను రాత్రి భోజనానికి పోతా పెడతా.

ఇంకో సంగతి, జత విడదీయొద్దు. ఒకటి నిండుగా ఒకటి ఖాళీగా ఉన్నవి కలిపి వేస్తే నిండుది ఖాళీదాన్ని తిరగబెట్టి తోస్తాది, అది పాడైపోతాది. మా ఆవిడ నెయిల్ పాలిష్‌తో ఒక జత నెత్తిన ఎర్ర చుక్క పెట్టా, ఇంకో జతకి ఏమీ లేదు. మొదట్లో నవ్వింది, ఇప్పుడు టీవీ రిమోట్ సెల్లకీ తనే పెట్టుకుంటోంది.

మధ్యలో 18650 అనే లావుపాటి లిథియం చార్జింగ్ సెల్లు మీద మోజు పుట్టింది. ఆన్‌లైన్‌లో ఒక లైటు తెప్పించా, సెల్లు మీద 9900 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాలు. మా దగ్గర రొయ్య శాంప్లింగ్‌కి గ్రాముల కాటా ఉంటాది గదా, ఎందుకో అనుమానం వచ్చి దాని మీద పెట్టా, 31 గ్రాములు. అసలు 18650 సెల్లు 45 గ్రాముల పైన తూగుతాది, ఎంత మంచిదయినా 3500 ఎంఏహెచ్ అటూ ఇటూ. రొయ్య కౌంటులో (కిలోకి ఎన్ని అనే లెక్క) మోసం చేసేవాళ్ళని చూశాం గానీ సెల్లులో కూడా కౌంటు తప్పు చెప్పేవాళ్ళు ఉన్నారా అని నవ్వుకున్నాం. అసలు సెల్లు వేస్తే 18650 లైటు బ్రహ్మాండం, కాదనను, దూరం కొట్టాలంటే దాన్ని మించింది లేదు. కానీ ఆ సెల్లు మా ఊళ్ళో దొరకదు, ఎండలో బండి డిక్కీలో వదలలేం, కుర్రోడి చేతికి ఇవ్వాలన్నా భయం. పెన్సిల్ సెల్లు సైజులోనే 14500 అని ఒకటి వస్తాది, అది 3.7 వోల్టులు, చూసుకోకుండా మామూలు లైటులో రెండు వేశారంటే లైటు అక్కడికక్కడే పోతాది.

ఇక లోపలే సెల్లు బిగించి వచ్చే చార్జింగ్ లైట్లు, సంతలో 300, 400కి అమ్మేవి, అవి నా దృష్టిలో అన్నిటికన్నా దండగ. ఉప్పుగాలికి చార్జింగ్ పిన్ను ఆరు నెలల్లో పచ్చగా తుప్పు పట్టింది. సెల్లు చచ్చిందంటే లైటు కూడా చచ్చినట్టే, మార్చేదానికి ఏమీ ఉండదు.

మరి వాడి పారేసే సెల్లు అసలు కొనొద్దా అంటే, నేను ఇప్పటికీ కొంటా. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వచ్చినప్పుడు మా దగ్గర కరెంటు పోయింది, బాపట్ల దగ్గర తీరం దాటే దాకా ఇక్కడ ఒకటే వాన. జనరేటరు డీజిల్ ఏరియేటర్లకే సరిపోలా, పవర్ బ్యాంకు ఫోన్లకి అయిపోయింది, రెండు జతలూ రెండో రాత్రికే ఖాళీ. బీరువాలో సీలు తియ్యని ఆల్కలైన్ జతలు మూడు ఉంటే వాటితోనే గట్టెక్కినాం. పెన్సిల్ సెల్లు లైటే ఉంచుకోమని నేను చెప్పేది ఇందుకే, చార్జి లేకపోతే కిళ్ళీ కొట్లో కూడా దొరికే సెల్లు అదొక్కటే.

కాకపోతే వాటిని లైటులో వేసి మర్చిపోవద్దు. అమ్మ మంచం పక్కన ఒక లైటు పెట్టా, నెలకొక్కసారి కూడా వెలిగించదు. ఏడాది తర్వాత మూత తిప్పితే రాదు, పట్టుకారుతో తిప్పా, లోపల స్ప్రింగు మీద తెల్లటి పొర ఉప్పు పేరినట్టు గట్టిగా ఉండాది, సెల్లు అడుగు పగిలి గొట్టానికి అతుక్కుపోయింది. ఆల్కలైన్ నుంచి కారేది క్షారం, కాబట్టి పులుపు పడాలి. నిమ్మకాయకి కరువా మాకు, గూడూరు, పొదలకూరు మార్కెట్లు పక్కనే. పుల్లకి దూది చుట్టి నిమ్మరసంలో ముంచి రుద్దితే బుసబుసా పొంగి పొర ఊడొచ్చింది, తర్వాత గరుకు కాయితంతో స్ప్రింగు గీకా. లైటు వెలిగింది గానీ అప్పుడప్పుడు కొట్టుకుంటాది. చేత్తో ముట్టుకోవద్దు, ఆ పొడి చర్మాన్ని తింటాది. ఇప్పుడు అమ్మ లైటులో వాడి పారేసే లిథియం సెల్లు వేశా, 1.5 వోల్టులే, ఖరీదు ఎక్కువ, కానీ అవి కారడం చాలా అరుదు, ఏళ్ళ తరబడి అట్టానే ఉంటాయి.

మొన్న పంటలో ఎర్ర చుక్క జత ఒక్క రాత్రికే దిగిపోవడం మొదలుపెట్టింది, వెనక రెండు రాత్రులు వచ్చేది. దాన్ని తీసి షెడ్డులో గడియారానికి ఒకటి, రేడియోకి ఒకటి వేసినా. చుక్క లేని జత ఇంకా జేబులోనే ఉండాది. కొత్త నాలుగు ఆర్డరు పెట్టా, వచ్చేలోపు నెయిల్ పాలిష్ ఏ రంగు అని ఇంట్లో అడుగుతుండారు.