ఇంద్రియాలతో ప్రయోగాలు: ఏళ్ల తరబడి చేశాక నా అభిప్రాయం

కన్ను, చెవి, చర్మం ఎలా పనిచేస్తాయో చేతికందిన వస్తువులతోనే తెలుసుకునే ప్రయోగాలను మా పిల్లలతో కొన్నేళ్లుగా చేస్తున్నాను. కాగితం, స్కేలు, పేపర్ క్లిప్పు, దారం, ఒక రబ్బరు గొట్టం ఉంటే చాలు. వీటిలో కొన్ని మొదటిసారి ‘అబ్బ’ అనిపించి ఊరుకున్నాయి. కొన్నింటిని పిల్లలే పట్టుబట్టి మళ్లీ మళ్లీ చేయించుకున్నారు. తేడా ఎక్కడుందో ఇప్పుడు నాకు బాగా తెలుసు. స్కేలు పెట్టి కొలవడానికి వీలున్న ప్రయోగం నిలుస్తుంది. చూసి ఆశ్చర్యపోవడమే తప్ప ఇంకేమీ చేయనివ్వని ప్రయోగం రెండోసారికే చప్పబడిపోతుంది.

అన్నింటిలో నా మొదటి ఓటు గొట్టానికే. మీటరు పొడవున్న గొట్టం తీసుకుని సరిగ్గా మధ్యలో పెన్నుతో గీత పెట్టాలి. ఒకరు కుర్చీలో కూర్చుని రెండు కొసలనూ చెవులకు ఆనించుకోవాలి, లోపలికి దూర్చకూడదు. గొట్టం వీపు వెనక వేలాడుతుంది. వెనక నిలబడినవారు గీత మీద పెన్సిల్‌తో మెల్లగా తడితే శబ్దం తల నడిమధ్యలో పుట్టినట్టు ఉంటుంది. ఒక సెంటీమీటరు ఎడమకు జరిగి తట్టగానే ‘ఎడమ’ అనే జవాబు తడుముకోకుండా వస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి. ఎడమ చెవికి దారి ఒక సెంటీమీటరు తగ్గింది, కుడి చెవికి అంతే పెరిగింది. మొత్తం తేడా రెండు సెంటీమీటర్లు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, శబ్దం రెండు చెవులకూ చేరే సమయాల్లో తేడా 58 మైక్రోసెకన్లు. సెకనును 17 వేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క! నాడీకణంలో ఒక్క ప్రచోదనం (విద్యుత్ సంకేతం) పుట్టి ముగియడానికే దాదాపు 1000 మైక్రోసెకన్లు పడుతుంది. అంత నిదానమైన కణాలతోనే మెదడు ఇంత సన్నని తేడాను పసిగడుతోందని కాగితం మీద లెక్క తేలిన రోజు మా పెద్దమ్మాయి గొట్టాన్ని చాలాసేపు వదల్లేదు. అర సెంటీమీటరుకు తగ్గించింది, కొసలు తారుమారు చేసి చూసింది. అలా మార్చగానే ఎడమవైపు తట్టిన శబ్దం కుడివైపు వినిపించింది. ఇల్లు కాస్త నిశ్శబ్దంగా ఉంటేనే ఇది బాగా కుదురుతుంది, ఫ్యాన్ ఆపేయడం మేలు.

రెండోది అంధచుక్క, అంటే దృక్‌నాడి బయటికి వెళ్లే చోట కంటికి చూపు ఉండని చిన్న భాగం. కాగితం మీద రెండు గుర్తులు వేసి ఒకటి మాయమవడం చూడటం చాలామందికి తెలిసినదే. దాన్ని అక్కడ ఆపేస్తే ప్రయోగంలో సగం పోగొట్టుకున్నట్టే. మేం చేసే పద్ధతి ఇది. కాగితం ఎడమవైపు ఒక చిన్న ప్లస్ గుర్తు వేసి, దాన్ని కంటికి 30 సెంటీమీటర్ల దూరంలో నిలబెడతాం. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ప్లస్‌నే చూస్తూ, మొనకు ఎర్రరంగు పూసిన పెన్సిల్‌ను ప్లస్ దగ్గర నుంచి మెల్లగా కుడివైపు జరుపుతాం. సుమారు 7 సెంటీమీటర్ల దగ్గర మొన మాయమవుతుంది. 10 సెంటీమీటర్లకు కాస్త ఇవతల మళ్లీ ప్రత్యక్షమవుతుంది. రెండుచోట్లా చుక్క పెడితే మధ్య దూరం దాదాపు 3 సెంటీమీటర్లు. కంటి లోపల కాంతి కేంద్రం (కిరణాలు వంగకుండా సాగిపోయే బిందువు) నుంచి నేత్రపటలానికి, అంటే కంటి వెనకనున్న తెరకు, సుమారు 17 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. సరూప త్రిభుజాల లెక్క వేస్తే, దృక్‌నాడి కంటి నుంచి బయటికి వెళ్లే చోటు వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకుగా తేలుతుంది. అది నిజమైన కొలతకు చాలా దగ్గర. కంటిలోకి ఏ పరికరమూ పంపకుండా, ఒక స్కేలుతో! ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్మ్ మారియోట్ 1660లలో ఈ చుక్కను కనుగొన్నది కూడా ఇలాంటి గుర్తులతోనే. చూపు ప్లస్ మీద నిలపడం కష్టం కాబట్టి మరీ చిన్నపిల్లలకు ఇది కుదరదు.

చర్మం సంగతికి పేపర్ క్లిప్పును విప్పి ‘వి’ ఆకారంలో వంచితే సరిపోతుంది. రెండు మొనలూ ఒకేసారి తాకాలి. వేలి కొస మీద 2, 3 మిల్లీమీటర్ల ఎడం ఉన్నా రెండు అని చెప్పగలం. వీపు మీద దాదాపు 4 సెంటీమీటర్ల ఎడం ఉంటే తప్ప రెండుగా తెలియదు. జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ వేబర్ 1834లోనే ఒళ్లంతా ఇలా కొలిచి అచ్చువేశాడు. నా సలహా ఒక్కటే. మధ్యమధ్య ఒక్క మొనతోనూ తాకుతూ ఉండాలి, లేకపోతే కళ్లు మూసుకున్నవారు ఊహించి ‘రెండు’ అనేస్తారు.

మూడు గిన్నెల నీళ్లు, అంటే ఒక చేయి వేడినీళ్లలో, ఒకటి చల్లనీళ్లలో కాసేపు ఉంచి రెండింటినీ గోరువెచ్చని నీటిలో ముంచితే అదే నీరు ఒక చేతికి చల్లగా, ఇంకో చేతికి వేడిగా అనిపించడం, ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ 17వ శతాబ్దంలో ప్రస్తావించిన సంగతే. అందరికీ పనిచేస్తుంది కానీ ఒక్కసారితో దాని కథ అయిపోతుంది. నాలుక పటం జోలికి పోకండి. తీపి కొసన, చేదు వెనక అంటూ గీసే ఆ బొమ్మ తప్పు. 1901లో జర్మన్ శాస్త్రవేత్త హెనిగ్ కొలిచినవి చాలా చిన్న తేడాలు, వాటిని తర్వాతివారు గోడలు కట్టిన గదులుగా మార్చేశారు. నిజానికి నాలుక మీద రుచి మొగ్గలున్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి. అది తప్పని తెలుసుకోవడానికి ఏళ్లు గడవాల్సిన అవసరం లేదు, ఉప్పునీటిలో ముంచిన దూదిపుల్లతో ఎవరైనా నిమిషంలో తేల్చుకోవచ్చు. అయినా పిల్లల చేతికి ఆ బొమ్మనే ఇస్తుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. తిరిగే కుర్చీలో గిరగిరా తిరిగి ఒక్కసారిగా ఆగే ప్రయోగం బాగుంటుంది, లోపలి చెవిలోని ద్రవం ఆగకుండా కదలడం ఎలా ఉంటుందో ఒంటికి తెలుస్తుంది. కానీ పక్కన పట్టుకునే మనిషి లేకుండా వద్దు.

చివరగా లోలకం. దారానికి బరువు కట్టి, మనకు ఎదురుగా ఎడమకూ కుడికీ తిన్నగా ఊగనివ్వాలి. రెండు కళ్లూ తెరిచే ఉంచి, ఎడమ కంటికి మాత్రం నల్లకళ్లద్దాల ఒక వైపు అడ్డం పెట్టుకుంటే, బరువు గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. కుడికి వెళ్లేటప్పుడు దూరంగా, ఎడమకు వచ్చేటప్పుడు దగ్గరగా ఉంటుంది. తక్కువ కాంతి అందిన కంటి నుంచి సంకేతం కాస్త ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యాన్ని మెదడు దూరంలో తేడాగా లెక్కకడుతుంది. అద్దం ఎంత నలుపైతే బరువు తిరుగుతున్నట్టు కనిపించే సున్నా అంత లావు. అద్దాన్ని కుడి కంటికి మార్చితే తిరిగే దిశ మారిపోతుంది. 1922లో దీన్ని వివరించిన జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ పుల్‌ఫ్రిక్‌కు ఒక కన్ను కనిపించదు, అందుకే ఈ భ్రమను ఆయన స్వయంగా ఎన్నడూ చూడలేకపోయాడు. రెండు కళ్ల చూపూ సరిగా కలవనివారికి కూడా ఇది కనిపించకపోవచ్చు. మిగతా పిల్లలందరూ గుండ్రంగా ఉందంటుంటే ఒక పిల్లవాడికి మాత్రం ఎన్నిసార్లు చూసినా తిన్నగానే కనిపిస్తే, వాడిని దబాయించకండి, ఒకసారి కంటి వైద్యుడికి చూపించండి.