ఇన్సిడెంట్ కమాండ్ కిట్: జాకెట్లు బాగున్నాయి, బోర్డు మార్చాలి

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ (ఎన్‌డీఎంఏ) 2010 మార్గదర్శకాల్లోని ఐఆర్‌ఎస్ (ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్), అంటే విపత్తు వేళ ఎవరు ఏ పని చూడాలో, ఎవరి మాట వినాలో తేల్చే పద్ధతికి సరిపోయే కిట్ ఇది. కమాండర్, ఆపరేషన్స్, ప్లానింగ్, లాజిస్టిక్స్, సేఫ్టీ జాకెట్లు, ఎవరి కింద ఎవరు పనిచేస్తున్నారో రాసే ఒక బోర్డు, హాజరు కార్డులు ఉంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటినట్టు మళ్లీ జరిగి, అగ్నిమాపక, ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం), పోలీసు, కరెంటు సిబ్బంది ఒక్కసారే దిగితే ఎవరి మాట వినాలో జాకెట్టే చెబుతుంది.

లోపమంతా బోర్డులోనే. ఒకరి కింద అయిదుగురు మేలు, ఏడుగురు దాటకూడదు. ఇందులో ఒక్కొక్కరి కింద పన్నెండు గళ్లు గీశారు! మార్కర్ రాత వానకు చెరిగిపోతుంది, గ్రీజు పెన్సిల్ వాడండి.

కార్డులు మాత్రం వదలొద్దు. కమాండర్ ఉండే కమాండ్ పోస్టులో తమ కార్డులు ఇవ్వకుండా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తోటల్లోకి చెట్లు కోయడానికి వెళ్లిన జట్టు ఎక్కడుందో ఆ పోస్టుకు తెలియదు. ఆ సంగతి తెలియక లైనుకు కరెంటిస్తే ప్రాణాలు పోతాయి.