ఇల్లు కురుస్తున్నప్పుడు బరకం ఎక్కడ కట్టడం మేలు: కప్పు పైనా, కప్పు కిందా?

అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందన్న వార్త రాగానే బంధుమిత్రులు నన్ను ఏటా ఒకే ప్రశ్న అడుగుతుంటారు. అర్ధరాత్రి ఇల్లు కురవడం మొదలైతే పైకెక్కి బరకం కప్పాలా, లోపల బకెట్లు పెట్టుకుని తెల్లవారేదాకా ఓపిక పట్టాలా? ఈ రెండింటినీ తూచేటప్పుడు చాలామంది వాన ఎంత పడుతోందని చూస్తారు. నా లెక్కలో మాత్రం ఈ ప్రశ్నను తేల్చేది గాలి.

బరకం మీద గాలి ఎంత బలం చూపుతుందో ఒకసారి లెక్క కడితే విషయం తేలికగా అర్థమవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి తనకు ఎదురుగా నిలిచిన ప్రతి చదరపు మీటరు మీదా సుమారు 17 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి పెడుతుంది. మన ఇళ్లలో ఉండే 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు బరకం దాదాపు 17 చదరపు మీటర్లు ఉంటుంది కాబట్టి, దాన్ని విప్పగానే గాలి కిందికి దూరి తెరచాపలా లేపితే మీ చేతుల్లో ఉన్న తాడును 280 కిలోల దాకా బలం లాగుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లు పెరుగుతుంది. గాలి వేగం గంటకు 100 కిలోమీటర్లకు చేరినప్పుడు అదే బరకం మీద పడే బలం ఎనిమిది వందల కిలోలకు దగ్గరవుతుంది. నాలుగు మూలలా నాలుగు ఇసుక బస్తాలు పెడితే ఆగుతుందని అనుకునేవారు ఒక్కో బస్తా యాభై కిలోలకు మించదన్న సంగతి గుర్తుంచుకోవాలి. దీనికి తోడు పాచిపట్టిన తడి పెంకులు, చీకటి, ఎక్కడ తెగిపడిందో కనిపించని కరెంటు తీగ కూడా పైన ఉంటాయి.

గాలి కాస్త నెమ్మదించింది కదా, ఇప్పుడు ఎక్కవచ్చు అన్న ఆలోచన మరింత ప్రమాదకరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు తుపాను కన్ను నగరం మీదుగా వెళ్లింది. ఆ కొద్దిసేపూ గాలి సద్దుమణిగినట్టే ఉండి, ఆ తరువాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడింది. తుపాను కేంద్రం మీ ఊరి దరిదాపుల్లోంచే వెళుతోందని తెలిసినప్పుడు, అకస్మాత్తుగా వచ్చే నిశ్శబ్దాన్ని నమ్మి నిచ్చెన వేయకూడదు. వాతావరణ శాఖ ప్రకటన వచ్చేదాకా ఆగడమే మంచిది.

ఇక లోపలి మార్గం సంగతి. ఇది చేతకానివాళ్లు చేసే పని అన్న చిన్నచూపు ఒకటుంది కానీ, దాన్ని నేను ఒప్పుకోను. పెంకుటింట్లో ఒక పెంకు పగిలితే, దానికి పైవాలులో ఉన్న పెంకుల వరుస మీద పడిన నీరంతా ఆ కంతలోంచే దిగవచ్చు. ఆ వరుస అడుగు వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉందనుకుంటే సుమారు ఒక చదరపు మీటరు అవుతుంది. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు కాబట్టి, రాత్రంతా కలిపి 10 సెంటీమీటర్లు కురిసినా లోపలికి వచ్చేది 100 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల బకెట్లు ఐదు. మనిషి పట్టి పారబోయగలిగినంతే. దీనికోసం ప్రాణాన్ని పణంగా పెట్టి పైకెక్కవలసిన అవసరం నాకు కనిపించదు.

అలాగని బరకాన్ని మడిచి అటక మీద పెట్టమని నేను చెప్పడం లేదు. పెంకుటింట్లో దాన్ని కప్పు కింద, దూలానికీ వాసాలకూ తాళ్లతో కట్టి, ఒక అంచు ఎత్తుగా, రెండో అంచు కిటికీ వైపో గుమ్మం వైపో పల్లంగా ఉండేలా వాలు పందిరిలా సాగదీస్తే, గాలి తగలని చోట అదే బరకం రాత్రంతా చక్కగా పనిచేస్తుంది. నీరు పల్లపు అంచున తొట్టెలోకి దిగుతుంది, మంచాలూ బియ్యం బస్తాలూ తడవవు. మధ్యలో కుంగి నీరు గుమిగూడకుండా తాడు బిగువుగా ఉండాలి. బంగుళూరు పెంకులైతే మరో సౌకర్యం ఉంది: పెంకులు రీపర్ల (వాసాల మీద అడ్డంగా కొట్టిన చెక్క బద్దెల) మీద ఊరికే ఆనుకుని ఉంటాయి కాబట్టి, లోపలి నుంచే బల్ల మీద నిలబడి పగిలిన పెంకుకు పైనున్నదాన్ని కొంచెం ఎత్తి, రేకు ముక్కనో మందపాటి ప్లాస్టిక్ ముక్కనో దాని కిందికి, పగిలినదాని మీదికి దూర్చవచ్చు.

డాబా ఇంటి లెక్క వేరు. అక్కడ స్లాబు కారడానికి పగుళ్లు ఒక కారణమైతే, ఆ పగుళ్ల మీద నీరు నిలవడం అంతకన్నా పెద్ద కారణం. 120 గజాల డాబా మీద, అంటే సుమారు 100 చదరపు మీటర్ల మీద, తూము మూసుకుపోయి 10 సెంటీమీటర్ల నీరు నిలిస్తే అది పదివేల లీటర్లు, పది టన్నుల బరువు. అంత నీటి కింద బరకం పరిచినా ఫలితం ఉండదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు రాత్రి తెనాలిలోని మా ఇంట్లో హాలు ఫ్యాను చుట్టూ నీరు కారడం మొదలైంది. గాలి ఇంకా ముదరని తెల్లవారుజామున మెట్ల గది తలుపు తీసి చూస్తే డాబా మీద చీలమండ లోతు నీరుంది, తూముకు బాదం ఆకులు అడ్డుపడి ఉన్నాయి. పిట్టగోడ వెంట వంగి నడిచి ఆకులు లాగేశాక అరగంటలో నీరంతా దిగిపోయింది. స్లాబు పీల్చుకున్న నీరు మధ్యాహ్నం దాకా చినుకులుగా రాలుతూనే ఉన్నా, ధార మాత్రం ఆగింది. నేను ముందురోజే ఆ తూమును శుభ్రం చేసి ఉంటే, ఆ కాస్త సాహసమూ అక్కరలేకపోయేది.

చుక్క పడే చోటు కంతకు సరిగ్గా కిందనే ఉండదు. స్లాబులోని కరెంటు పైపుల వెంట నీరు పాకి ఫ్యాను కొక్కెం దగ్గర బయటపడుతుంది. అందుకే బకెట్ పెట్టడానికన్నా ముందు మెయిన్ ఆపాలి. తుపాను రాత్రి ఎలాగూ కరెంటు పోయింది కదా అని ఊరుకుంటారు కానీ, ఇన్వర్టరు ఉన్న ఇంట్లో ఆ తీగల్లో కరెంటు ఉంటూనే ఉంటుంది, కాబట్టి దాన్నీ ఆపాలి. జిప్సం సీలింగు ఉబ్బితే, కింద టబ్బు పెట్టి, పక్కకు నిలబడి, ఉబ్బిన చోట అన్నిటికన్నా పల్లంగా ఉన్న భాగంలో స్క్రూడ్రైవరుతో చిన్న రంధ్రం చేయాలి. లేకపోతే పలక మొత్తం ఊడి పడుతుంది. చుక్క పడే చోట ఒక దారం వేలాడదీసి దాని చివర బకెట్‌లోకి వదిలితే, నీరు దారం వెంట జారి చిమ్మకుండా, చప్పుడు లేకుండా దిగుతుంది.

ఎం-సీల్, తారు టేపు వంటివి తడి మీద సరిగా అంటుకోవు కాబట్టి వాన వెలిశాక చూసుకోవలసినవే. నీటిలోనే గట్టిపడే ప్లగ్గింగ్ సిమెంటు ఒక్క కంతకు పనికివస్తుంది, అదీ ముందే ఇంట్లో ఉంటే. సిమెంటు రేకుల కప్పు మీదికి ఏ పరిస్థితిలోనూ ఎక్కకూడదు. తడి రేకు మనిషి బరువుకు విరుగుతుంది.

పైన బరకం కప్పడానికి సరైన సమయం గాలి పూర్తిగా తగ్గి, ముసురు మాత్రం మరో రెండు మూడు రోజులు సాగేలా ఉన్నప్పుడు, అదీ పగటి వెలుతురులో, కింద మరొకరు నిచ్చెన పట్టుకుని ఉండగా. అప్పుడు బరకం కంత దగ్గరే ఆగకుండా నడికప్పు దాటి అవతలి వాలు మీదికి రెండు మూడు అడుగులు రావాలి. అలా కాకపోతే పైనుంచి జారే నీరు దాని కిందికే చేరుతుంది. అంచులకు మేకులు కొడితే కొత్త కంతలు పడతాయి. బరకం అంచులను చెక్క బద్దెలకు చుట్టి, తాళ్లను చూరు కిందుగా తెచ్చి స్తంభాలకు కట్టాలి.