ఒవైహీ లోయకు టోపో మ్యాప్ కొంటున్నారా? అంచులు కత్తిరించిన షీటు మాత్రం తీసుకోకండి

ఆగ్నేయ ఆరెగాన్‌లోని ఒవైహీ నది లోయకు వెళ్దామని ఆన్‌లైన్‌లో ఒక టోపో మ్యాప్, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాప్ కొన్నాను. "1:24,000 స్కేలు (మ్యాప్ మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద 240 మీటర్లు), వాటర్‌ప్రూఫ్" అని రాశారు. రంగులు చూసి మురిసిపోయాను. చుట్టూ అంచులు కత్తిరించి ఉన్నా పట్టించుకోలేదు, అదే నేను చేసిన తప్పు.

మ్యాప్ ప్రకారం ఒక పక్కలోయలోంచి నదికి దిగొచ్చు. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూర్ గీతల మధ్య బాగా ఎడం ఉంది, వాలు మామూలుదే అనుకున్నాం. తీరా వెళ్తే కాళ్ల ముందే నల్లరాతి గోడ నిట్టనిలువుగా తెగి ఉంది. కింద నీళ్లు కనిపిస్తున్నాయి, దిగే దారి లేదు. సీసాలు అడుగంటాయి. ఫోన్‌కు సిగ్నల్ లేదు. నడి ఎండలో వచ్చిన దారినే వెనక్కి నడిచాం. మాలో ఒకరికి కళ్లు తిరిగి కూలబడిపోయారు. ఆ టెన్షన్ ఇంకా పోలేదు.

ఇంటికొచ్చి కొలిచి చూశాను. 1:24,000 అయితే కిలోమీటరు గడి దాదాపు 4.2 సెంటీమీటర్లు ఉండాలి. ఇందులో 3.7 కూడా లేదు. అసలు సంగతేంటంటే, అది 1:100,000 మ్యాప్‌ను సాగదీసి అచ్చువేసిన కాగితం. గీతకీ గీతకీ ఎత్తు తేడా 50 మీటర్లు, అంటే 164 అడుగులు. వంద అడుగుల కొండగోడ రెండు గీతల మధ్య ఇట్టే దాక్కుంటుంది. చెమట చేతులకే ఇంకు అంటుకుంది, అదేం వాటర్‌ప్రూఫో! డబ్బు వెనక్కి ఇమ్మంటే "తడిసిన మ్యాప్ తీసుకోం" అన్నారు.

కొనేముందు కింది అంచు ఫొటో అడగండి. స్కేలు, కాంటూర్ గీతల మధ్య ఎత్తు తేడా, డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టడానికి వాడిన ఆధారం), ఏడాది, దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా అన్నీ అక్కడే ఉంటాయి. పంపకపోతే వదిలేయండి. డేటమ్ మరీ ముఖ్యం. పాత షీట్లు ఎన్ఏడీ 27 అనే 1927 నాటి ఉత్తర అమెరికా డేటమ్ మీద ఉంటాయి. జీపీఎస్‌ను దానికి మార్చుకోకపోతే ఆ ప్రాంతంలో దాదాపు వంద మీటర్లు తప్పుతుంది, మ్యాప్ గడుల (గ్రిడ్) అంకెల్లో అయితే ఇంకా ఎక్కువే. ఇరుకు లోయలో వంద మీటర్లంటే గట్టు మీదున్నామో నీటి పక్కనున్నామో తెలియదు.

నిజానికి అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ సైట్‌లో అసలు 1:24,000 షీట్లు ఉచితంగానే దొరుకుతాయి. "ఫిట్ టు పేజ్" పెట్టకుండా అసలు సైజులోనే ప్రింట్ తీసుకోండి. నేను ఇప్పుడు ఆ షీటు తీసి చూశాను. మేం ఆగిపోయిన చోట గీతలన్నీ ఒకదాన్నొకటి తాకి ఒకే మందపాటి గోధుమరంగు చారలా ఉన్నాయి.