డెమోకి ఏది మేలు? ఆస్‌బోర్న్ 1, కాంపాక్ పోర్టబుల్, హెచ్‌పీ 110

1980ల్లో ఆఫీసు సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు కస్టమర్ దగ్గరికి కంప్యూటర్‌ని మోసుకెళ్లి చూపించేవాళ్లు. అయితే సొంత పనికి కొనే మిషన్ వేరు, డెమోకి కొనేది వేరు. డెమోలో కీబోర్డు ముందు కూర్చునేది ఒక్కరే. చెక్కు మీద సంతకం పెట్టేవాళ్లు పక్కన, వెనకాల నిలబడి చూస్తారు. అందుకే బరువు సంగతి తర్వాత, ముందు స్క్రీన్ చూడాలంటాను.

1981లో వచ్చిన ఆస్‌బోర్న్ 1 ధర 1,795 డాలర్లు. ఉత్తరాలు రాసే వర్డ్‌స్టార్, లెక్కల షీట్లు వేసే సూపర్‌కాల్క్ ప్రోగ్రాములు దాంతోపాటే వచ్చేవి. ఆ ధరకి అది నిజంగా చవకే. కానీ స్క్రీన్ 5 అంగుళాలు, వరుసకి కనిపించేవి 52 అక్షరాలు. పన్నెండు నెలల లెక్క చూపించాలంటే స్క్రీన్‌ని పక్కకి జరుపుతూ పోవాలి. టోటల్ దగ్గరికి చేరేసరికి జనవరి మాయం. బయటి మానిటర్ తగిలించుకోవచ్చు కానీ, సుమారు 11 కిలోల పెట్టెతోపాటు మానిటర్ కూడా మోయాలంటే ఇంక పోర్టబుల్ ఏముంది?

కాంపాక్ పోర్టబుల్ 1983లో మార్కెట్లోకి వచ్చింది. కుట్టుమిషన్ పెట్టెలా ఉంటుంది, దాదాపు 13 కిలోలు. మెట్లెక్కితే భుజం పడిపోతుంది. కీబోర్డే దానికి మూత. అది విప్పితే లోపల 9 అంగుళాల ఆకుపచ్చ స్క్రీన్, వరుసకి 80 అక్షరాలు, మొత్తం 25 వరుసలు. పిక్చర్ ట్యూబ్ కాబట్టి పక్కనుంచి చూసినా అక్షరాలు స్పష్టంగానే ఉంటాయి. ఇంతకన్నా పెద్ద బలం ఇంకోటుంది: ఐబీఎం పీసీ ప్రోగ్రాములు ఇందులో అలాగే నడుస్తాయి. కస్టమర్ తన ఫ్లాపీ డిస్క్ ఇచ్చి "ఇది నడుస్తుందా?" అంటే అక్కడికక్కడే వేసి చూపించొచ్చు. సీపీ/ఎం అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే ఆస్‌బోర్న్‌తో ఆ ధైర్యం చేయలేం. ఒకే ఫ్లాపీ డ్రైవ్ ఉన్న మోడల్ 2,995 డాలర్లు, రెండు డ్రైవులది 3,590. ఇక్కడ కక్కుర్తి పడకూడదు. అందరూ చూస్తుండగా ప్రోగ్రాం ఫ్లాపీ తీసి డేటా ఫ్లాపీ, అది తీసి మళ్లీ ఇది పెడుతుంటే డెమో ఊపు పోతుంది.

1984 నాటి హెచ్‌పీ 110 ధర కూడా 2,995 డాలర్లే, బరువు మాత్రం సుమారు 4 కిలోలు. ప్లగ్ వెతుక్కోనక్కర్లేదు, బ్యాటరీ ఉంది. లెక్కల షీట్లు వేసే లోటస్ 1-2-3 ప్రోగ్రాంని రామ్‌లోకి ఫ్లాపీ నుంచి ఎక్కించే పని లేదు, మిషన్‌లోని శాశ్వత మెమరీ చిప్ అయిన రోమ్‌లోనే ఉంటుంది. తెరిస్తే పని మొదలు. చిక్కల్లా ఎల్‌సీడీతోనే: 16 వరుసలు, వెనక లైటు లేదు. ఎదురుగా కూర్చున్నవాళ్లకి పర్వాలేదు, పక్కన నిలబడ్డవాళ్లకి వెలిసిపోయినట్టు ఉంటుంది. పైగా ఫ్లాపీ డ్రైవ్ లోపల లేదు, విడిగా తగిలించుకోవాలి.

1982 నాటి గ్రిడ్ కంపాస్ స్క్రీన్ చక్కగా వెలిగేది. 8,150 డాలర్లు, దానికంటూ సొంత ఆపరేటింగ్ సిస్టమ్ అనేసరికి ఈ పోటీలోకి రాదు.

నలుగురికి చూపించాలంటే రెండు డ్రైవుల కాంపాక్ తీసుకెళ్లాలి, తోడుగా ప్లగ్ పెట్టుకోవడానికి ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా. చూసేది ఒక్క మేనేజరే, చూపించేది 1-2-3 షీటే అయితే హెచ్‌పీ హాయి.