ఓడ ఏ రేవులో ఆగుతుందో ముందే అడగండి: స్కాండినేవియా క్రూయిజ్‌లో 9 రాత్రులు

కోపెన్‌హేగన్‌లో ఎక్కి, బాల్టిక్ వైపు స్టాక్‌హోమ్, విస్బీ చూసుకుని, అక్కడి నుంచి పడమరకు మళ్లి ఓస్లో, స్టావాంగర్, బెర్గెన్ మీదుగా తిరిగి కోపెన్‌హేగన్‌లోనే దిగే 9 రాత్రుల క్రూయిజ్‌ను నేనూ నా భార్యా జూన్ నెలలో పూర్తి చేశాము. ఓడ పేరూ, దాన్ని నడిపే కంపెనీ పేరూ ఇక్కడ రాయడం లేదు. ఈ మార్గంలో టికెట్టు కొనేవారు ఏ కంపెనీని ఎంచుకున్నా చూసుకోవలసిన సంగతులే ఎక్కువ. మా అనుభవాన్ని ఒక్క మాటలో చెప్పమంటే, ఓడ బాగుంది, ఊళ్లు ఇంకా బాగున్నాయి, ఆ రెండింటికీ మధ్య ఉన్న దూరమూ గడియారమూ మాత్రం బాగోలేవు.

ఓడ సంగతి త్వరగా ముగిస్తాను. కేబిన్ ఇరుకుగా ఉన్నా శుభ్రంగా ఉంది, పడక సౌకర్యంగా ఉంది, సిబ్బంది రెండో రోజుకే మా పేర్లు గుర్తుపెట్టుకున్నారు. బాల్కనీ కోసం అదనంగా కట్టిన సొమ్ము ఓస్లోకు చేరిన ఒక్క ఉదయంతోనే వసూలైంది. భోజనం పరిమాణంలో లోటు లేదు, రుచిలో చెప్పుకోదగ్గ విశేషమూ లేదు. నాకు నచ్చనిది వేళల ఏర్పాటు. మాకు కేటాయించిన రాత్రి భోజనం సరిగ్గా సాయంత్రం 6 గంటలకు, కిటికీలు కనబడని మధ్య వరుసలో. ఓడ రేవు విడిచి దీవుల మధ్య నుంచి సాగేది కూడా చాలా రోజులు అదే సమయానికి. ప్రయాణంలో చూడదగ్గ దృశ్యమంతా బయట నడుస్తుంటే లోపల సూప్ ముందు కూర్చోవడం ఏం సబబు? మూడో రోజు నుంచి ఆ బల్లను వదులుకుని, బఫేలో ఏదో ఒకటి ప్లేటులో వేసుకుని పై డెక్ మీదికి వెళ్లిపోయాము.

కోపెన్‌హేగన్‌లో పెద్ద ఓడలు రెండు చోట్ల ఆగుతాయి. ఒకటి లాంగెలీనీ, మరొకటి నగరానికి ఉత్తరాన నోర్డ్‌హౌన్‌లోని ఓషన్‌కాయ్. లాంగెలీనీలో దిగితే బండమీద కూర్చున్న చిన్న మత్స్యకన్య విగ్రహం నడిచి వెళ్లేంత దగ్గర. ఓషన్‌కాయ్‌లో దిగితే ముందు బస్సు, ఆ తర్వాత మెట్రో. మా ఓడ ఓషన్‌కాయ్‌లో ఉంది కాబట్టి ఒక రోజు ముందే నగరానికి చేరుకుని హోటల్‌లో దిగడం మేము చేసిన తెలివైన పని. 1913లో ప్రతిష్ఠించిన ఆ మత్స్యకన్య ఎత్తు 1.25 మీటర్లు మాత్రమే. ఇంత చిన్నదా అని చుట్టూ ఉన్న జనం అనుకోవడం వారి ముఖాల్లోనే కనిపించింది. ఆ విగ్రహం తలను రెండుసార్లు, 1964లోనూ 1998లోనూ, కోసుకుపోయారని తెలిశాక దాన్ని చూసే చూపు కొంత మారింది. అక్కడ గడిపే సమయాన్ని తగ్గించుకుని, 1642లో డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ పూర్తి చేయించిన గుండ్రని గోపురానికి వెళ్లమని చెబుతాను. అందులో పైకి వెళ్లే దారిలో దాదాపు ఎక్కడా మెట్లుండవు. గోపురం లోపల చుట్టలు చుట్టుకుంటూ పోయే 209 మీటర్ల వాలుదారి ఉంటుంది. తెల్లటి సున్నపు గోడల మధ్య, పాదాల కింద ఇటుక పరుపుతో, ఎక్కడా ఆయాసం రాకుండా పైకి చేరి చూస్తే పాత నగరపు ఎర్రని కప్పులన్నీ కనిపిస్తాయి.

ఇక అసలు ఫిర్యాదుకు వస్తాను. ప్రయాణ పత్రంలో మూడో రోజు ఎదుట పెద్ద అక్షరాలతో ఉన్నది స్టాక్‌హోమ్. ఓడ ఆగినది మాత్రం నీనేస్‌హామ్న్‌లో, అంటే స్టాక్‌హోమ్‌కు దక్షిణంగా దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక చిన్న రేవులో. ఇందులో కంపెనీకి ఒక సాకు ఉంది: స్టాక్‌హోమ్ ముందున్న ద్వీపసమూహంలో 30,000 వరకు దీవులూ రాతి తిన్నెలూ ఉన్నాయని చెబుతారు, వాటి మధ్య దారి ఇరుకు, మలుపులు ఎక్కువ, కాబట్టి బాగా పెద్ద ఓడలు బయటే ఆగిపోతాయి. అది న్యాయమే. అయితే ఆ మాటను టికెట్టు అమ్మేటప్పుడు చెప్పాలి గాని, కింద అడుగున సన్నని అక్షరాల్లో దాచిపెట్టకూడదు. చిన్న ఓడలైతే నగరం నడిబొడ్డునే స్టాడ్స్‌గార్డెన్‌లో ఆగుతాయి, అక్కడి నుంచి పాత నగరం గామ్లా స్తాన్‌కు నడిచే వెళ్లవచ్చు. పైగా ఆ దీవుల మధ్య గంటల తరబడి సాగే ప్రయాణం కూడా ఆ ఓడల్లో వెళ్లేవారికే దక్కుతుంది. మేము పోగొట్టుకున్నవాటిలో నాకు ఎక్కువ బాధ కలిగించినది అదే.

కంపెనీ బస్సుకు అడిగిన ధర రైలు టికెట్టు ఖర్చుకు అనేక రెట్లు ఉండడంతో మేము రైలుకే వెళ్లాము. రేవు నుంచి స్టేషన్ దగ్గరే. లోకల్ రైలు గంట వ్యవధిలో నగరంలో దింపుతుంది. టికెట్టు కోసం వరుసలో నిలబడనవసరం లేకుండా గేటు దగ్గర బ్యాంకు కార్డు ఆనిస్తే సరిపోతుంది. ఓడ 8 గంటల నుంచి 6 గంటల వరకు, అంటే 10 గంటలు రేవులో ఉంది. దిగడానికి వరుస, స్టేషన్‌కు నడక, రైలు కోసం ఎదురుచూపు, గంట ప్రయాణం, తిరుగు ప్రయాణంలో మళ్లీ అవన్నీ, ఏదైనా ఆలస్యమైతే ఉంటుందని చేతిలో ఉంచుకున్న గంట తీసేస్తే, స్టాక్‌హోమ్‌లో మాకు మిగిలినది 5 గంటలకన్నా తక్కువ. నగర భవనంలో నోబెల్ విందు జరిగే నీలి హాలు గోడలు నిజానికి ఎర్ర ఇటుకలవి. దాన్ని చూడాలని ఎంతో అనుకున్నాను, కుదరలేదు.

ఉన్న సమయంలో సగం పైగా వాసా మ్యూజియంలోనే గడిపాము, అందుకు విచారం లేదు. 64 ఫిరంగులతో స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ ఆర్భాటంగా కట్టించిన వాసా యుద్ధనౌక, 1628 ఆగస్టు 10న తొలిసారి తెరచాపలు విప్పి సుమారు 1,300 మీటర్లు వెళ్లేసరికే గాలికి ఒరిగి, తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీరు చేరి, నగర జనం కళ్లెదుటే మునిగిపోయింది. 333 ఏళ్ల తర్వాత, 1961 ఏప్రిల్ 24న, దాన్ని పైకి తేల్చారు. ఎండి బీటలు వారకుండా 17 ఏళ్లపాటు రసాయన ద్రావణం చిలకరిస్తూనే ఉన్నారు. మసక వెలుతురులో అడుగుపెట్టగానే ఎదురయ్యే నల్లటి ఓడ వెనుక భాగాన్ని, దాని నిండా చెక్కిన సింహాలనూ యోధులనూ ఎవరైనా చూస్తారు. నన్ను నిలబెట్టేసినవి మాత్రం అద్దాల పెట్టెలోని కొలబద్దలు. ఓడలో దొరికిన నాలుగు కొలబద్దల్లో రెండు స్వీడిష్ అడుగు ప్రకారం 12 అంగుళాలవి, రెండు ఆమ్‌స్టర్‌డామ్ అడుగు ప్రకారం 11 అంగుళాలవి. ఒకే ఓడమీద పనిచేసిన వడ్రంగులు వేర్వేరు కొలతలతో పలకలు కోశారన్నమాట. ఓడ ఒక పక్క కంటే మరో పక్క మందంగా ఉండడానికి అదీ ఒక కారణం. బయలుదేరక ముందే 30 మంది నావికులను డెక్ మీద అటూ ఇటూ పరుగెత్తించి పరీక్ష చేశారు, ఓడ ప్రమాదకరంగా ఊగిపోవడంతో పరీక్షను మధ్యలో ఆపేశారు, ప్రయాణాన్ని మాత్రం ఆపలేదు.

విస్బీలో అటువంటి తిప్పలేమీ లేవు. ఓడ రేవుకే ఆనుకుని నిలిచింది, ఊరు కాలినడక దూరం, రోజంతా మా చేతిలోనే ఉంది. గోట్‌లాండ్ దీవిలోని ఈ పట్టణం చుట్టూ 3 కిలోమీటర్లకు పైగా సాగే సున్నపురాతి ప్రాకారం మధ్యయుగం నాటిది, ఇంకా నిలిచే ఉంది. గోడ అందాన్ని అందరూ మెచ్చుకుంటారు. దాని వెనుక కథ అంత అందమైనది కాదు. 1361లో డెన్మార్క్ రాజు వాల్డెమార్ దండెత్తి వచ్చినప్పుడు, గోట్‌లాండ్ రైతుల సైన్యం ఈ గోడ బయటే ఊచకోతకు గురైంది; లోపలి వర్తకులు తలుపులు తెరవలేదు, తర్వాత రాజుకు లొంగిపోయి తమ వ్యాపారం కాపాడుకున్నారు. అది తెలిసి ద్వారాల కింద నడవడం వేరు. కప్పు కూలిన చర్చిల మధ్య, గులాబీలు పాకిన చిన్న ఇళ్ల వీధుల్లో ఏ గైడూ లేకుండా తిరగడమే విస్బీకి తగిన పద్ధతి.

డబ్బు విషయం ఇక్కడే చెబుతాను. మూడు దేశాల్లోనూ నాణెం పేరు ఒకటే అనిపిస్తుంది గాని డెన్మార్క్ క్రోన, స్వీడన్ క్రోన, నార్వే క్రోన మూడూ వేర్వేరు, ఒకదాని నోటు మరో దేశంలో చెల్లదు. 1870లలో మూడు దేశాలు సమాన విలువగల క్రోనతో ఒక ద్రవ్య కూటమిగా ఏర్పడ్డాయి, మొదటి ప్రపంచ యుద్ధంతో అది చెదిరిపోయింది. ఇప్పుడు నోట్లు మార్చుకునే అవసరమే దాదాపు లేదు. స్వీడన్‌లో నగదు తీసుకోబోమని బోర్డు పెట్టిన దుకాణాలు కూడా ఉన్నాయి, ఓ ఐస్‌క్రీమ్ బండి దగ్గర కూడా కార్డే అడిగారు.

ఈ ప్రయాణానికి పెట్టిన ఖర్చంతా ఓస్లో చేరిన ఉదయంతో సరిపోయిందని మా ఇద్దరి అభిప్రాయం. సముద్రం నుంచి నగరం వరకు ఓస్లో ఫ్యోర్డ్, అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సన్నని సముద్రపు పాయ, పొడవు సుమారు 100 కిలోమీటర్లు. ఆరు గంటల వేళ, ఎప్పుడో తెల్లవారిన ఎండలో, డ్రోబాక్ దగ్గర ఫ్యోర్డ్ ఇరుకై రెండు ఒడ్డుల మీది చెక్క ఇళ్లూ, పడవలు కట్టే కట్టలూ స్పష్టంగా కనిపించాయి. నీటి మధ్యనున్న చిన్న దీవి మీద ఓస్కార్స్‌బోర్గ్ కోట. 1940 ఏప్రిల్ 9 తెల్లవారుజామున ఓస్లోను పట్టుకోవడానికి వస్తున్న జర్మన్ యుద్ధనౌక బ్లూషర్‌ను ఈ కోట ఫిరంగులూ టార్పెడోలూ ఇక్కడే ముంచేశాయి. ఆ ఆలస్యం వల్లనే నార్వే రాజూ ప్రభుత్వమూ రాజధాని విడిచి తప్పించుకోగలిగారు. ఆ ఫిరంగులు 1890లలో జర్మనీలోని క్రుప్ కంపెనీయే తయారుచేసి అమ్మినవి. ఇంత కథ ఉన్న చోటు దాటుతుంటే ఓడ మైకులో వినిపించినది ఆనాటి నగల అమ్మకం గురించిన ప్రకటన.

ఓస్లోలో ఓడ ఆకేర్‌హుస్ కోట గోడ కిందనే కడతారు. మెట్లు దిగితే నగరమే. పావుగంట నడిస్తే 2008లో తెరిచిన ఒపేరా భవనం, దాని తెల్లరాతి పైకప్పు మీద నీటి అంచు నుంచి శిఖరం వరకు ఎవరైనా ఉచితంగా నడవవచ్చు. నగర భవనం ఎదుటి రేవు నుంచి వేసవిలో ఫెరీ ఎక్కి బిగ్డోయ్ ద్వీపకల్పానికి వెళ్లి ఫ్రామ్ ఓడను చూశాము. మంచు చుట్టూ బిగిసినప్పుడు నలిగిపోకుండా పైకి జారి తేలేట్టు అడుగు గుండ్రంగా కట్టిన ఆ ఓడ నార్వే అన్వేషకుడు నాన్సెన్ చేపట్టిన యాత్రలో 1893 నుంచి 1896 వరకు ఆర్కిటిక్ మంచుతోపాటు కొట్టుకుపోయింది, మరో నార్వే అన్వేషకుడు అముండ్‌సెన్ అదే ఓడలో అంటార్కిటికా చేరి 1911 డిసెంబరు 14న దక్షిణ ధ్రువం మీద నిలిచాడు. సందర్శకులు ఓడ లోపలికి దిగవచ్చు. ఆ గదుల్లో నడుము వంచి నడిచాక మా కేబిన్ ఇరుకని ఫిర్యాదు చేయడం మానేశాను. వైకింగ్ ఓడల మ్యూజియం కోసం మాత్రం ఆశపడి వెళ్లవద్దు. కొత్త భవనం నిర్మాణం కోసం దాన్ని 2022లో మూసివేశారు.

సాయంత్రం 4 గంటలకే ఓడ ఓస్లో విడిచింది. జూన్ చివరలో అక్కడ సూర్యాస్తమయం రాత్రి పదిన్నర దాటాకే. వెలుతురు ఇంకా ఆరు గంటలకు పైగా మిగిలి ఉండగా, వీధులు నిండుతున్న వేళలో జనాన్ని వెనక్కి పిలిచి కాసినో తెరవడం ఎవరి లాభం కోసమో చెప్పనక్కరలేదు.

స్టావాంగర్‌లో ఓడ సరిగ్గా పాత ఊరి ముందు నిలుస్తుంది. తెల్లరంగు వేసిన చిన్న చిన్న చెక్క ఇళ్ల కప్పుల మీదుగా, వీధి చివర ఆకాశం ఉండవలసిన చోట మా ఓడ బాల్కనీల వరుసలు గోడలా కనిపించాయి. ఆ వీధిలో పూలకుండీకి నీళ్లు పోస్తున్న ఒక పెద్దావిడ మా వైపు చూసి మర్యాదగానే నవ్వింది గాని, నాకు కొంచెం సిగ్గు వేసింది.

బెర్గెన్‌లో వాన పడింది, పడకపోతే ఆశ్చర్యపోవాలి. అక్కడ ఏడాదిలో 200కు పైగా రోజులు వానే. ఫ్లోయ్‌బానెన్ తాళ్ల రైలులో 320 మీటర్ల ఎత్తుకు వెళితే మేఘం తప్ప ఏమీ కనిపించలేదు. వాన వల్ల లాభపడినది బ్రిగ్గెన్. హాన్సా అనే వర్తక కూటమికి చెందిన జర్మన్ వర్తకులు ఉత్తరాది ఎండుచేపకూ దక్షిణాది ధాన్యానికీ మధ్య వ్యాపారం నడిపిన ఈ రేవు వీధి 1702 అగ్నిప్రమాదంలో కాలిపోతే, పాత పద్ధతిలోనే తిరిగి కట్టారు. 1979 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. ముందు వరుస ఫొటో తీసుకుని వెళ్లిపోకుండా వెనుక సందుల్లోకి వెళ్లాలి. రెండు వైపులా ఒకదానిమీదికి ఒకటి ఒరిగిన చెక్క గోడలు, కాళ్ల కింద తడిసి కిర్రుమనే పలకలు, చూరు నుంచి కారే నీరు, తారు వాసన. నిప్పు భయంతో ఈ ఇళ్లలో పొయ్యి వెలిగించనిచ్చేవారు కాదు. చలికాలమంతా వంటా వెచ్చదనమూ వెనుక విడిగా కట్టిన ఉమ్మడి గదుల్లోనే. ఆ గదుల్ని ఇప్పటికీ చూడవచ్చు.

చివరి రాత్రి తలుపు కింద నుంచి బిల్లు జారింది. మనిషికి రోజుకింత చొప్పున సేవా రుసుము మేము అడగకుండానే చేర్చి ఉంది. టికెట్టు ధర పోల్చుకునేటప్పుడు దీన్ని కలుపుకునే లెక్కవేయాలి. ఓడకు ఐదింట మూడు, ఊళ్లకు ఐదుకు ఐదు, వేళలకు ఒకటిన్నర ఇస్తాను. మరుసటి ఉదయం ఓషన్‌కాయ్ టెర్మినల్లో పెట్టెలు లాక్కుంటూ బయటికి వస్తుంటే, ఎక్కడానికి వచ్చినవారి వరుస అప్పటికే మొదలైంది. వారి తలల పైన వెలుగుతున్న తెర మీద తర్వాతి ప్రయాణపు ఊళ్లు వరుసగా కదులుతున్నాయి. మూడో రోజు ఎదుట, పెద్ద అక్షరాలతో, స్టాక్‌హోమ్.