ఆశ్రమం సిబ్బందికి అడ్వాన్స్ కేర్ ప్లానింగ్: క్లాసా, ఆన్‌లైన్ కోర్సా, ఉన్నచోటే నేర్పడమా?

కర్నూలు, కడప, అనంతపురం వైపు వృద్ధాశ్రమాలు నడిపేవాళ్లు ఎక్కడ కలిసినా ఇదే అడుగుతున్నారు. పెద్దవాళ్ల ఆఖరి రోజులు ఎట్లా గడవాలో వాళ్లనే అడిగి ముందే రాసిపెట్టుకోవాలి (అడ్వాన్స్ కేర్ ప్లానింగ్ అంటే ఇదే), సరే. అడిగే పని సిబ్బందికి నేర్పేదెట్లా? డాక్టరును పిలిచి ఒకరోజు క్లాసు పెట్టించాలా, ఆన్‌లైన్ కోర్సులో చేర్పించాలా, ఆశ్రమంలోనే రోజూ కాస్త కాస్త నేర్పుకుంటూ పోవాలా?

ఒకరోజు క్లాసును తీసిపారేయలేం. చట్టం సంగతి తేలాలంటే అదే దారి. లివింగ్ విల్‌ను, అంటే కోలుకునే ఆశ లేనప్పుడు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే కాగితాన్ని, సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకున్న సంగతి తెలుసు గానీ, 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసిన విషయం చాలా ఆశ్రమాలకు ఇంకా చేరలేదు. ఇది రాయడానికి ఇప్పుడు మేజిస్ట్రేటు దగ్గరికి పోనక్కర్లేదు. ఇద్దరు సాక్షుల ముందు రాసి, నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరణ చేయించుకుంటే చాలు. సాక్షులు సంబంధం లేనివాళ్లయితే మేలన్నారు కాబట్టి మేనేజరు, నర్సు ఆ సంతకాలకు దూరంగా ఉండటమే మంచిది. తల్లి తరఫున నేను రాసిస్తానని కొడుకు వస్తే కుదరదు. ఇట్లాంటివి తెలిసిన వకీలో డాక్టరో ఒక పూటలో చెప్పేస్తారు. చిక్కల్లా, క్లాసుకు మేనేజరూ నర్సూ కూర్చుంటారు, ఆయాలు కూర్చోరు. అందరూ క్లాసులో ఉంటే మంచం పట్టినవాళ్లకు అన్నం తినిపించేదెవరు?

ఆన్‌లైన్‌లో తిరువనంతపురం పాలియం ఇండియా లాంటి సంస్థలు పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులో బాధ తగ్గించే వైద్యం) మీద నడిపే కోర్సులు మంచివే. నొప్పికి మందులు, ఆయాసం, కుటుంబంతో మాట్లాడటం అన్నీ వస్తాయి. నర్సు ఉంటే తప్పకుండా చేర్పించండి. కానీ ఇంగ్లీషు పాఠం ఎనిమిదో తరగతిలో బడి మానేసిన ఆయాకు అందదు.

నా లెక్కలో తేల్చుకోవాల్సింది ఒక్కటే: పెద్దవాళ్లు తమ ఆఖరి రోజుల మాట ఎవరి దగ్గర అంటారు? డాక్టరు రౌండ్స్‌కు వస్తే "బాగుండాను సార్" అంటారు, అంతే. తల దువ్వుతున్నప్పుడో, రాత్రి దుప్పటి కప్పుతున్నప్పుడో ఆయాతో అంటారు. "మళ్లా ఆ గొట్టాలు పెట్టించొద్దు పాపా. పోతే ఈ మంచం మీదనే పోతా." దానికి మన ఆయా ఏమంటుందో అందరికీ తెలిసిందే: "అట్లనొద్దులే అవ్వా, నీకేమైంది, నూరేండ్లుంటావు." ప్రేమతో అన్నదే. కానీ అవ్వ మళ్లీ ఆ ఊసెత్తదు.

ఇక్కడ నేర్పాల్సింది చిన్నది. "ఎందుకవ్వా అట్లంటాండావు? పోయినసారి ఆస్పత్రిలో శానా కష్టమైందా?" అని అడిగి, ఊరికే వినడం. విన్నది విన్నట్టు సాయంత్రం నర్సుకు చెప్పడం. ఆయా ఏమీ రాయనక్కర్లేదు, ఎవరినీ ఒప్పించనక్కర్లేదు. ఇది స్లైడ్లు చూస్తే రాదు. డ్యూటీ మారే వేళ పది నిమిషాలు ఒకరు అవ్వగా, ఒకరు ఆయాగా కూర్చుని మన యాసలోనే అనుకుంటే వస్తుంది. మొదట్లో నవ్వుతారు. నవ్వనీండి.

ఇక రాత్రి సంగతి. రెండు గంటలప్పుడు ఎవరికైనా ఆయాసం ఎక్కువైతే మేల్కొని ఉండేది ఆయా ఒక్కతే. కాగితం మేనేజరు బీరువాలో, తాళం ఆయన ఇంట్లో. ఆమె 108కి ఫోన్ చేస్తుంది, చేయక ఏం చేస్తుంది? అంబులెన్సు వచ్చాక వాళ్ల పని వాళ్లు చేస్తారు. తెల్లారేసరికి అవ్వ వద్దన్న గొట్టాలన్నీ పెట్టేసి ఉంటాయి. అందుకే మంచం దగ్గర ఫైలు, దాని మీద మొదట ఎవరికి చేయాలో పెద్దక్షరాల్లో నంబరు, ఆయాసానికీ నొప్పికీ డాక్టరు ముందే రాసిపెట్టిన మందులు ఉండాలి. నైట్ డ్యూటీ ఆయా చేత నెలకోసారి, రాత్రిపూటే, ఇదంతా చేయించి చూడాలి. పగలు మీటింగులో చెప్తే తలూపుతారు.

ఉన్నచోటే నేర్పడంలో ప్రమాదం లేకపోలేదు. తెలిసినవాళ్లు లేకపోతే తప్పుడు మాట పాతుకుపోతుంది. "రాసిచ్చింది కదా, ఇంక ఆస్పత్రికి తీసుకుపోకూడదు" అనేది అందులో మొదటిది. అవ్వ బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకుంటే ఆస్పత్రికి పోవాల్సిందే. ఆ కాగితం అక్కరకొచ్చేది కోలుకునే ఆశ లేని జబ్బులో, తన మాట తాను చెప్పలేని స్థితిలో. అప్పుడైనా వైద్యం ఆపాలంటే ఆస్పత్రిలో రెండు మెడికల్ బోర్డులు (డాక్టర్ల బృందాలు) చూసి ఒప్పుకోవాలి. దీన్ని ఆయాలకు విడమరిచి చెప్పే మనిషి ఆశ్రమంలో ఒకరుండాలి.

కొడుకుల సంగతి ఆయాల మీద వేయకండి. కడప, రాయచోటి వైపయితే ఫోన్లు కువైట్ నుంచి వస్తాయి. "ఎంత ఖర్చైనా సరే, వెంటిలేటరు పెట్టించండి" అని అర్ధరాత్రి వీడియో కాల్‌లో ఏడ్చే కొడుక్కి ఆయా ఏం చెప్తుంది? అవ్వ బాగున్నప్పుడే నర్సో మేనేజరో పక్కన కూర్చుని, అవ్వ నోటితోనే కొడుక్కి చెప్పించాలి.

వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపి శిక్షణ అయిపోయిందనుకునేవాళ్లతో నాకు పేచీ లేదు, చదివేవాళ్లుంటే కదా. విదేశీ ప్యాకేజీలు మొత్తం మనకెందుకు? ఆఖరి రోజుల సంరక్షణకు బ్రిటన్ వాళ్లు వాడే గోల్డ్ స్టాండర్డ్స్ ఫ్రేమ్‌వర్క్ అనే పద్ధతి నుంచి మాత్రం ఒక ప్రశ్న తెచ్చుకోవచ్చు: "ఈమె ఏడాదిలోపు పోతే మనకు ఆశ్చర్యమేస్తుందా?" నెలకోసారి పేరుపేరునా వేసుకుంటే ముందు ఎవరితో మాట్లాడాలో తెలుస్తుంది.

డబ్బులు ఒకదానికే ఉన్నాయంటే నర్సును ఆన్‌లైన్ కోర్సులో చేర్పించి, ఆయాలకు ఆమె చేతనే నేర్పించండి. నర్సే లేని చిన్న ఆశ్రమమైతే, మీ దగ్గరికి ఎటూ వచ్చిపోయే డాక్టరునే నెలకో పూట అడగండి. ఆ పూట నైట్ డ్యూటీ వాళ్లను కూడా పిలిపించి, వచ్చినందుకు కూలి కట్టివ్వండి.